దబ్బకాయలు పోయిన దారి

మనకు బాల కనిపించేది హుణసెకెరె చెరువు తూర్పు కట్ట మీద. ఆషాఢపు గాలికి చున్నీ మెడకు చుట్టుకుపోతుంటే, నాలుగో నెల కడుపు మీద ఒక చెయ్యి వేసుకుని, నీళ్ళ మీద తేలుతూ వస్తున్న దబ్బకాయల్ని చూస్తూ నిలబడి ఉంది. వాటిని పాత రేవు దగ్గర వదిలింది సర్వే పడవ నడిపే మస్తాన్. వదలమన్నది బాల.

పూడిక తీయడానికి ముందు చెరువు లోతులు కొలవాలి, నీటిమట్టం చూడాలి, లోపల నీళ్ళు ఎటు కదులుతున్నాయో తెలుసుకోవాలి. మహదేవపురలో బాల పనిచేసే చిన్న సర్వే కంపెనీకి ఆ పని వచ్చింది. ఓడరేవుల్లో ఆటుపోట్లు లెక్కగట్టే కంపెనీ అది. వర్తూరు పక్కన ఒక చెరువును కొలవాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు. అది తన అత్తగారింటి వెనక చెరువే అవుతుందని బాల అసలే అనుకోలేదు. అయితే పళ్ళు పాత రేవు నుంచే వదలమని ఆఫీసు చెప్పలేదు. అది బాల సొంత ఆలోచన.

పద్దెనిమిదేళ్ళ కింద, ఇలాంటి ఆషాఢంలోనే, కొత్త కోడలు అత్తవారింట ఉండకూడదని పుట్టింటికి వచ్చిన సుశీల బట్టలుతకడానికి ఆ రేవుకే వెళ్ళింది. బాల భర్త అచ్యుత్‌కు ఆమె అక్క. తిరిగి రాలేదు. మెట్ల మీద చెప్పులు, బట్టల గంప కనిపించాయి. ఆమె కట్టుకెళ్ళిన వంకాయరంగు చీర రెండు మూడు రోజుల తర్వాత చెరువు పడమటి కొసన, కాలవ వచ్చి కలిసేచోట, జమ్ములో చిక్కుకుని దొరికింది. దాన్ని చూసి ఇంటికి తెచ్చింది ఆమె తండ్రి వెంకటరమణప్ప. మనిషి మాత్రం దొరకలేదు. ముత్తైదువగా పోయింది కాబట్టి ఆ ఇంటికి పేరంటాలైంది. వంటింటి మూల పీట మీద ఒక వెదురు గంప. గంపలో ఆ పాత చీర, గాజులు, దువ్వెన, పసుపు కుంకుమలు. రెండు పూటలా దీపం. ఏటా ఆషాఢ అమావాస్యకు కొత్త చీర పెడతారు. అదే రోజు వెంకటరమణప్ప ఒక్కడే దాన్ని తీసుకెళ్ళి చెరువులో వదిలి వస్తాడు. ఆడవాళ్ళు వెంట వెళ్ళకూడదు.

అచ్యుత్ బాలను పెళ్ళాడినప్పుడు ఆ గంపకు చీర పెట్టి అనుమతి అడగలేదు. రిజిస్టరాఫీసు పెళ్ళి. ఆ తర్వాత బాలకు రెండుసార్లు కడుపు నిలవలేదు. "ఆమెకి కోపం వచ్చిండాది," అంది అత్తగారు మునిలక్ష్మి. తిట్టినట్టుగా కాదు, బాధగా, తల నిమురుతూ అంది. తిట్టి ఉంటే బాల తట్టుకునేది. ఇప్పుడిది మూడోసారి. అత్తగారి మాట ప్రకారం ఈ అమావాస్యకు బాల తన చేత్తో చీర పెట్టి తప్పు ఒప్పుకోవాలి, చెరువు పని మానాలి, కాన్పయ్యేదాకా గడప దాటకూడదు. ఒప్పుకుంటే తన ఇద్దరు బిడ్డలనూ సుశీలే తీసుకుపోయిందని ఒప్పుకున్నట్టు. ఒప్పుకోకపోతే, ఈ బిడ్డకేమైనా అయితే?

కాకినాడలో పుట్టి, సముద్రం ఎప్పుడు ఎంత లేస్తుందో లెక్కగట్టి చెప్పడం నేర్చుకున్న మనిషే. అయినా పొద్దు గూట్లో పడేవేళ గిన్నెలు కడుగుతుంటే వెనక గాజుల చప్పుడు వినిపించి చెయ్యి ఆపేసేది. నమ్మకపోవడం వేరు, వినపడకపోవడం వేరు.

"పులిహోరకు పనికొచ్చే కాయలు మేడమ్. చెరువుపాలు చేశారు," అన్నాడు మస్తాన్ పడవను కట్టకు చేర్చి దిగుతూ. నెల్లూరు మనిషి. ఏ నీళ్ళ మీదైనా పడవను నిలబెట్టగలడు కానీ నోటిని నిలబెట్టలేడు. "మా ఇంటావిడకు తెలిసిందంటే నన్ను కూడా వాటితోపాటే వదిలేస్తది."

"నువ్వు తేలతావా మరి?"

"అదే గదా మేడమ్ నా డౌటు."

బాల నవ్వింది. ఆ పళ్ళు ఆఫీసులో అందరూ నవ్విన పళ్ళే. థర్మకోల్ ముక్కలు వదిలితే చాలదా అన్నారు. థర్మకోల్ నీళ్ళకు పైనే ఉంటుంది, గాలి దాన్ని నెత్తిన మొట్టి తోసుకుపోతుంది. అది గాలి పోయే దారి చెబుతుంది, నీళ్ళు పోయే దారి చెప్పదు. దబ్బకాయ ఒళ్ళంతా నీళ్ళలో ఉంచుకుని నడినెత్తి మాత్రం పైకి పెడుతుంది. నీళ్ళు ఎటు పోతే అటే పోతుంది. పసుపురంగు కాబట్టి దూరానికీ కనిపిస్తుంది. ఏ రోజు వదిలినవో తెలియడానికి నిన్నటివాటికి తెల్ల దారం, ఇవాళ్టివాటికి ఎర్ర దారం చుట్టింది.

నిన్నటివీ ఇవాళ్టివీ ఒకే దారి పట్టాయి. పాత రేవు చెరువుకు దక్షిణపు ఒడ్డున, ఇంచుమించు మధ్యలో ఉంది. అక్కడినుంచి బయలుదేరి, ఒకదాని వెనక ఒకటి, తప్పిపోతామేమోనని చేతులు పట్టుకున్న పిల్లల్లా తూర్పు కట్ట మూలకు చేరాయి. పడమటి కాలవ వైపు ఒక్కటీ తిరగలేదు. తిరగదు. ఆషాఢమంతా గాలి పడమటినుంచే. తూర్పున పాతిన కొలబద్ద మీద నీళ్ళు పడమటిదాని కంటే రెండు వేళ్ళు ఎత్తుగా ఉన్నాయి. గాలి నీళ్ళను కూడా ఇటే తోసి పోగేస్తోంది.

పోగైన నీళ్ళు ఎటో ఒకటు పోవాలి కదా. అవి అడుగునుంచి వెనక్కి, పడమటికి నడుస్తాయి. ఆ సంగతి బాలకు తెలుసు కాబట్టి చిన్న డబ్బాలకు తాళ్ళు కట్టి, కింద లోతులో రేకు రెక్కలు వేలాడేట్టు చేసి వాటినీ వదిలించింది. అవి అనుకున్నట్టే పడమటికి కదిలాయి. కొంతదూరం పోయి ఆగిపోయాయి. మస్తాన్ లాగి చూశాడు.

"కింద గోడ ఉన్నట్టుంది మేడమ్. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా. రేకులు దానికి ఆనుకొని ఉన్నాయి."

లోతులు కొలిచిన పటంలోనూ అది కనిపించింది. చెరువు చిన్నదిగా ఉన్న రోజుల్లో కట్టిన పాత కట్ట, ఇప్పుడు నీళ్ళ కింద పడుకుని ఉంది. పైన పోయేవి తూర్పుకు పోతాయి. అడుగున పోయేవి ఆ కట్టను దాటలేవు.

సముద్రం లెక్కల్లో చంద్రుడివల్ల, సూర్యుడివల్ల వచ్చే ఎత్తుపల్లాలు తీసేశాక ఏం మిగిలిందో చూస్తారు. ఆ మిగిలినదాన్ని బట్టి ఇది తుఫాను పని, ఇది గాలి పని అని చెబుతారు. ఈ చెరువులో ఉన్నవి గాలి, నీళ్ళు, కింద ఒక కట్ట. వాటి పని తీసేశాక ఒక వంకాయరంగు చీర మిగిలింది. అది పడమటి జమ్ములోకి ఎలా పోయిందో గాలీ చెప్పడం లేదు, నీళ్ళూ చెప్పడం లేదు.

మధ్యాహ్నం బాల ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ముగ్గు పక్కన దబ్బకాయలు కుప్పగా పోసి ఉన్నాయి. ఎర్రదారాలు, తెల్లదారాలు, వాటి మీద చెరువు నురగ. అరుగు మీద పెద్దక్క కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. తూర్పు కట్ట కింద కొత్త రేవులో బట్టలుతికే మనిషి. గడపకు లోపల మునిలక్ష్మి నిలబడి ఉంది. తాను బయటికి రాలేదు, ఆ కాయల్ని లోపలికి రానివ్వలేదు.

"వచ్చె చూడు నీ కోడలు. నన్ను అడిగేకన్నా ఆమెనే అడుగు," అంది పెద్దక్క.

"ఏమే బాలా," అంది మునిలక్ష్మి. గొంతు సన్నగా ఉంది. "ఎవరి మీద చేయిస్తా ఉండావు?"

"ఏంటత్తయ్యా?"

"హెరళికాయలకి ఎర్రదారం చుట్టి నీళ్ళలో వదిలేది, అదీ అమావాస్య ముందర దినం. మీ కోస్తా పక్క దాన్ని ఏమంటారో నాకి తెలీదు. ఈడ దానికి ఒగటే పేరు."

బాలకు నవ్వు రాబోయి ఆగింది. అత్తగారు కాయల మీంచి చూపు తిప్పడం లేదు.

"ఆఫీసు పనత్తయ్యా. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడ్డానికి వదిలాం."

"నీళ్ళు ఎటు పోతాయి? పల్లానికి పోతాయి. దానికి ఇంజనీరింగు చదవల్లా?"

పెద్దక్క పక్కున నవ్వింది. "అట్ల కాదులే మునిలక్ష్మక్కా. ఈ కెరెలో ఎవరేమేసినా నా కాళ్ళకాడికే వస్తాది. వినాయకుడి గొడుగులు, పూలదండలు, ఎవరిదో ఒంటి చెప్పు, అన్నీ. ఈ కాయలూ అట్లే వచ్చినాయి. నేను కొత్తగా ఏం చూడ్లేదు." లేచి బట్టల మూట నెత్తికెత్తుకుంటూ గొంతు తగ్గించింది. వంటింటి వైపు చూసి చెంపలు వేసుకుంది. "రానిది ఒగటే. ఏడాదేడాది మీ ఇంటాయప్ప వేసే చీర. ఇన్నేండ్లలో ఒగసారి కూడా నా రేవుకి రాలేదు. పేరంటాలు సత్యమైంది తల్లీ. వేసిన చీర వేసినట్టే కట్టుకుని పోతా ఉండాది."

అంత మాటా అని ఆమె మామూలుగా నడిచి వెళ్ళిపోయింది. హాలులో వెంకటరమణప్ప చేతిలో కన్నడ పేపరు ఉంది. ఆయన పేజీ తిప్పలేదు.

బాల కాయల్ని అలాగే వదిలి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. వంటింట్లో మూల గంప ముందు దీపం వెలుగుతోంది. గంప మూత మీద రేపటి చీర మడతపెట్టి ఉంది. మారతహళ్ళిలో బాలే కొన్నది, లేత ఆకుపచ్చ నూలు చీర. మునిలక్ష్మి పట్టు పెట్టాలంది. వద్దన్నది వెంకటరమణప్ప. "పట్టు యాలమ్మా, నూలుదే తే. ఫాల్ కూడా కుట్టేయి," అన్నాడు. నీళ్ళలో వేసే చీరకు ఫాల్ ఎందుకు మావయ్యా అని బాల అడిగితే, "ఉండనీలేమ్మా" అని వీధిలోకి వెళ్ళిపోయాడు. పెద్దాయన చాదస్తం అనుకుని బాల రాత్రి టీవీ ముందు కూర్చుని కుట్టింది.

"రేపటికి ఏం చెప్తావు?" అంది మునిలక్ష్మి స్టవ్ దగ్గరికి వెళ్ళి పాలగిన్నె కిందికి దించుతూ. "చేస్తావా, చెయ్యవా? నీ కోసం చెప్తా ఉండానా నేను? ఆ కడుపులో బిడ్డ కోసం. రెండు బిడ్డల్ని పోగొట్టుకున్నది నువ్వు. వాళ్ళు నాకి ఏం కారా?"

ఈ మాటను బాల ఎప్పుడూ గెలవలేకపోయింది. అత్తగారు అబద్ధం ఆడటం లేదు. ఆ ఇద్దరి కోసం ఆమె కూడా అన్నం మానేసి పడుకుంది.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను. పాలు ఊదితే మీగడ ఎటు పోతుంది?"

"ఏం ప్రశ్నే అది?"

"చెప్పండి."

మునిలక్ష్మి విసుగ్గా గిన్నె మీద ఊదింది. మీగడ ముడతలు పడుతూ అవతలి అంచుకు పోయి అంటుకుంది. "అవతలికి పోతాది. ఎవరైనా తన పక్కకే ఊదుకుంటారా?"

"ఆషాఢంలో గాలి పడమటినుంచి ఊదుతుంది. పాత రేవులో వదిలినవన్నీ తూర్పు మూలకు పోయాయి. నిన్నా అంతే, ఇవాళా అంతే. పెద్దక్క కూడా అదే చెప్పింది కదా. వదిన చీర పడమట ఎలా దొరికింది?"

వదిన అన్న మాట బాల మొదటిసారి అంది. ఇన్నాళ్ళూ ఆ గంపను పేరంటాలమ్మ అనే పిలిచింది.

"మీగడ తేల్తాది," అంది మునిలక్ష్మి మెల్లగా. తెలివైన మనిషి. అంత బెదురులోనూ దారి వెతికింది. "నూలు చీర నానితే తేల్తుందా? మునుగుతాది. మునిగినాక అడుగున యాడికి పోతాదో నీకేం తెలుసు?"

"అదీ చూశాను. అడుగు నీళ్ళు పడమటికే పోతాయి. మీరన్నది నిజమే. కానీ మధ్యలో ఆగిపోతాయి. చెరువు కింద అడ్డంగా ఒక కట్ట ఉంది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా ఉంది. అడుగున పోయేదేదీ దాన్ని దాటి పోలేదు."

మునిలక్ష్మి చేతిలో పట్టుకార ఆగిపోయింది.

"పాత కట్ట," అంది.

"మీకు తెలుసా?"

ఆమె పీట లాక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది. "సుశి పోయిన మరుసటి ఏడు వానల్లేవు. కెరె పూరా ఎండిపోయె. ఊరంతా చేపలకి దిగినారు, బంకమట్టికి దిగినారు. నేను నా బిడ్డ కోసరం దిగినాను. నడిమధ్య ఆ కట్ట బయటపడె. దాని మీద కూర్చుని, మళ్ళా అత్తింటికి పోవాల్సిందేనని యాల అంటినో అని ఏడిస్తి. పాత రేవు కాడినుంచి ఆ కట్టదాకా బురదంతా చేతుల్తో తవ్వితి. ఒగ గాజుముక్క కూడా దొరకలే. అప్పుడు అనుకొంటి, మనిషి కాదు, దేవతైపోయింది, అందుకే ఎముక కూడా మిగల్చలేదని." కళ్ళెత్తి బాలను చూసింది. "అనుకొని బతికితిని. అట్ల అనుకోకుంటే బతికేకయ్యేది కాదే."

బాలకు అప్పుడు భయం వేసింది. తాను ఏం చేస్తోందో అప్పుడు తెలిసింది. ఈ మనిషి దగ్గర్నుంచి దేవతను లాక్కుంటోంది. బదులుగా ఇవ్వడానికి తన చేతిలో ఏమీ లేదు, కొన్ని దబ్బకాయలు తప్ప. కానీ ఇప్పుడు ఆగితే రేపు ఆ గంప ముందు కూర్చుని, నా బిడ్డల్ని నువ్వే తీసుకున్నావు, దీన్నైనా ఉంచు తల్లీ అని అడగాలి. పుట్టబోయేదాని ప్రతి జ్వరానికీ ఈ మూలకే చూడాలి. బాల గోడ పట్టుకుని అత్తగారి పక్కన కింద కూర్చుంది.

"అత్తయ్యా, నాకు తెలిసింది ఇంతే. ఆ చీర నీళ్ళలో పోలేదు. ఎవరో తీసుకెళ్ళి ఆ జమ్ములో పెట్టారు."

హాలులో పేపరు కిందపడిన చప్పుడైంది.

ఇద్దరూ అటు చూశారు. వెంకటరమణప్ప వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వర్తూరు సంతవీధిలో రాగులంగడి పెట్టి, ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా ముసలితనానికి వచ్చిన మనిషి. "సుమ్నె ఊరికుండమ్మా బాలా," అన్నాడు. "వట్టిమనిషివి కూడా కాదు. పోయి పండుకో. గాళి ఆ దినం వేరే పక్కనుంచి కొట్టిందేమో. ఎవరు చూసినారు?"

"ఆషాఢంలోనా?" అంది మునిలక్ష్మి భర్తతో. "పుట్టి బుద్ధెరిగి ఆషాఢంలో గాళి తూర్పునుంచి కొట్టేది నువ్వు చూసినావా అప్పా?"

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"చీర నీకే గదా దొరికింది."

"అయ్యో, ఇప్పుడు అవన్నీ యాలే?"

"ఊరోళ్ళంతా తూర్పు పక్క వెతికితే నువ్వు పడమటికి యాల పోయినావు?"

"ఏదో మనసుకి తోచె. పోతి."

మునిలక్ష్మి గోడ పట్టుకుని లేచింది. బాల చెయ్యి అందించబోతే తీసుకోలేదు. గంప దగ్గరికి వెళ్ళి మూత మీది ఆకుపచ్చ చీర చేతిలోకి తీసుకుంది. మడత ఊడి ఒక కొస జారింది.

"సరి. ఈ ఏడు నేనే పోయి వేస్తా," అంది. "రేపటిదాకా యాల, ఇప్పుడే వేస్తా. పాత రేవులో. బాలా, నువ్వూ రా. నీ కాయల మాదిరి ఇది కూడా యాడికి పోతాదో చూస్తాం. పెద్దక్క కాళ్ళకాడికి వస్తే నువ్వు చెప్పింది నిజం. రాకపోతే నా బిడ్డ దేవత. అంతే."

"ఆడోళ్ళు పోకూడదు," అన్నాడు వెంకటరమణప్ప.

"ఎవరు చెప్పినారు పోకూడదని? మా అమ్మ చెప్పిందా? మీ అమ్మ చెప్పిందా? నువ్వే గదా చెప్పినావు. జరుగు."

ఆయన జరగలేదు. గుమ్మానికి రెండు పక్కలా చేతులు ఆనించాడు. ఆ చేతుల్ని బాల ఎన్నోసార్లు చూసింది. రాగులు చెరిగి చెరిగి మోటుబారిన చేతులు.

"దాన్ని తడపొద్దే మునిలక్ష్మీ."

"నీళ్ళలో వేసే చీర తడవకుండా ఎట్లుంటాది?"

మునిలక్ష్మి జారిన కొసను పైకి తీసుకుంటూ ఆగింది. అంచు వెంబడి వేలు పోనిచ్చింది. ఫాల్ కుట్టిన చోట వేలు నిలిచింది. కుట్టును ఇటునుంచి అటు తడుముకుంటూ పోయింది, చీకట్లో తలుపు గడియ వెతుక్కుంటున్నట్టు.

"దీనికి ఫాల్ కుట్టినావా బాలా?"

"కుట్టానత్తయ్యా."

"యాల?"

"మావయ్య కుట్టమన్నారు. పోయినేడూ కుట్టాను."

మునిలక్ష్మి భర్త వైపు తిరిగింది. గొంతు పైకి లేవలేదు. "నీళ్ళకి ఫాల్ యాల అప్పా?"

బయట గాలికి కిటికీ రెక్క కొట్టుకుంది. చెరువు మీదుగా వచ్చే పుల్లటి వాసన ఇంట్లోకి కొట్టింది. వెంకటరమణప్ప గుమ్మాన్ని వదిలేశాడు. భార్య చేతిలోంచి చీర లాక్కోలేదు. కింద నేలకు తగులుతున్న కొసను మాత్రం వంగి పైకెత్తి పట్టుకున్నాడు, మురికి కాకుండా.

"ఏడాదికి ఒగటే కొత్త చీర ఆ బిడ్డకి," అన్నాడు. "తడపొద్దు."

బాల కళ్ళు మూసుకుంది. చెవుల్లో ఇన్నాళ్ళుగా మోగుతున్నదేదో ఆగిపోయినట్టయింది. గిన్నెల దగ్గర వెనకనుంచి వినిపించే గాజులు ఎవరివీ కావు. ఆ మూలనుంచి తన వీపు మీద ఆనే చూపు ఎవరిదీ కాదు. తన బిడ్డల్ని ఎవరూ తీసుకుపోలేదు. వాళ్ళు వచ్చారు, నిలవలేదు, అంతే. ఏడవడానికి ఇప్పుడు వాళ్ళు తనవాళ్ళు మాత్రమే. ఏడుపు వచ్చింది కూడా. కానీ ఆ వంటింట్లో ముందు ఏడవాల్సిన మనిషి ఇంకా ఏడవలేదు.

మునిలక్ష్మి చీర వదిలేసి గంప దగ్గరికి వెళ్ళింది. ఒక్క క్షణం దీపాన్ని చూసింది. రెండు పూటలా తాను వత్తి వేసి, నూనె పోసి, గాలికి కొంగు అడ్డం పెట్టి కాపాడిన దీపం.

"బతికుండే బిడ్డకి," అంది. "బతికుండే బిడ్డకి నా చేత దీపం పెట్టించినావా? పసుపు కుంకుమ పోయించినావా? ఇన్నేండ్లు?"

నోటితో ఊదితే అశుభమని ఆ క్షణంలోనూ గుర్తుంది కాబోలు. వత్తిని వేళ్ళతో పట్టి నలిపేసింది. కాలిన వాసన వచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బాల లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ చేతి మీద పోసింది. నీళ్ళు గంప కిందికి పారాయి.

"యాడ ఉండాది?"

వెంకటరమణప్ప నేల మీద కూర్చున్నాడు. చీరను మోకాళ్ళ మీద వేసుకుని, ఊడిన మడతను తిరిగి మడత పెట్టడం మొదలుపెట్టాడు. పొందికగా, అంచుకు అంచు కలిపి. అలవాటైన చేతుల పని అది. ఎన్ని చీరలు ఇలా మడతపెట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాడో.

"బాగుండాది," అన్నాడు. "చేతనైనంత పని చేసుకుంటా ఉండాది. పోయినేడు చూసినప్పుడు కొంచెం చిక్కి ఉండె. అంతే."

"యాడ అని అడిగినాను. నేనూ వస్తా రేపు. నీతోనే బస్సెక్కుతా. దాని కాళ్ళు పట్టుకుంటా. ఎవరేమన్నా అనుకోనీ."

"నువ్వు రావద్దు."

"నేను కన్నతల్లిని అప్పా!"

ఆయన మడత పూర్తి చేశాడు. చీర మీద అరచెయ్యి పెట్టి ముడతలు నొక్కాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"రెండోసారి చెప్పించొద్దు మునిలక్ష్మీ. ఎవర్నైనా చూస్తానంటాది. తమ్ముడ్ని అడుగుతాది. మొన్న ఫోన్లో బాలమ్మ కడుపుతో ఉండాదని చెప్తే సంతోషపడె. నిన్ను మాత్రం చూడనని ఒట్టేసుకొని ఉండాది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకున్నాకనే నన్ను రానిస్తా ఉండాది. నీకి తావు చెప్పిన దినం నాకూ తలుపు తెరవదు."

బాల అత్తగారి మొహం చూసింది. ఇప్పుడు అరుస్తుంది, గుండెలు బాదుకుంటుంది, నేనేం చేసినానే తల్లీ, యాల చూడవు నన్ను అని అడుగుతుంది అనుకుంది. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసింది.

మునిలక్ష్మి తడిచెయ్యి కొంగులో పెట్టుకుని, ఆరిపోయిన దీపం వైపు చూస్తూ నిలబడింది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆశ్చర్యం లేదు.

‘ఎందుకు’ అని ఆమె అడగలేదు.